సువార్త సంబంధి యనగా ఎవడు?

ముసునూరు ప్రక్కనున్న మామిడితోటలో నిలిచి చూడుము. బంగినపల్లియు, రసాలును, కలెక్టరు కాయయు ఒకే కంచెలోపల కాయుచుండును. కొనవచ్చినవాడు కంచెను చూచి ధర చెప్పడు, కాయ కోయించి చూచును. మన సంఘములలో మాత్రము ముందుగా కంచెను గూర్చియే అడుగుదురు: "మీరు ఏ మిషను వారు? నిజమైన ఇవాంజెలికల్ వారేనా?"

ఈ మాటకు మన భాషలో స్థిరమైన పేరు లేదు. మన బైబిలులో సువార్తికుడనగా సువార్త ప్రకటించు పనివాడు. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము పేరులో ఆ మాట ఉన్నదిగాని, అది జర్మను దేశపు పాత వాడుక. నేడు కూటముల ప్రకటనలలో కనబడు మాట వేరు.

దాని హద్దులు తెలుపుటకు పండితులు తరచుగా చూపు పుస్తకమొకటి 1989లో వెలువడెను. స్కాట్లండులోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించిన డేవిడ్ బెబ్బింగ్‌టన్ గారు, 1730ల మొదలు బ్రిటనులోని ఇట్టి విశ్వాసులను పరిశీలించి నాలుగు గురుతులు వ్రాసిరి: మనుష్యుడు మారుమనస్సు పొందవలెననుట, బైబిలును ప్రమాణముగా ఎంచుట, సిలువను బోధకు నడుమ నుంచుట, సువార్తకొరకు పాటుపడుట.

ఇందులో మంచి ఉన్నది. ముంచుటా చిలకరించుటా అను ప్రశ్న లేదు, బిషపు ఉండవలెనా అను ప్రశ్న లేదు. గనుక 1836లో వచ్చి నరసాపురము ప్రాంతమున పనిచేసిన బ్రదరన్ విశ్వాసి బౌడన్ దొరయు, 1841లో మచిలీపట్నము చేరిన ఆంగ్లికన్ గురువు నోబుల్ దొరయు ఒకే కంచెలో ఇముడుదురు.

అయితే ఆయన తోటను చూచి వ్రాసిన వర్ణనను మనము కంచెగా నాటితిమి. అది కొందరికి మిక్కిలి ఎత్తు. ఒంగోలు సంగతి తలంచుకొనుము. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూలికొరకు క్రైస్తవులైరను నింద రాకుండ ఆ కాలమున బాప్తిస్మములు ఆపియుంచెను. పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినమే గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు పల్లెలు పల్లెలుగా, చుట్టపక్కములతో కూడ వచ్చిరి. ఒంటరిగా గదిలో మోకరించి పొందిన అనుభవమే కొలబద్దయైనచో వీరిలో ఎందరు లోపల, ఎందరు వెలుపల? మన తాతముత్తాతలలో అనేకులు ఈ త్రోవనే వచ్చిరి. నేనైతే వారిని వెలుపల నిలుపజాలను.

మరికొందరికి ఆ కంచె మిక్కిలి పొట్టి. త్రియేక దేవుని గూర్చి ఆ నాలుగింటిలో ఒక్క మాటయు లేదు. ఆయన పరిశీలించినవారు సాధారణముగా దానిని ఒప్పుకొన్నవారే గనుక ప్రత్యేకముగా చెప్పనక్కరలేకపోయెను కాబోలు. మన యొద్ద అట్లు కాదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురు కారని బోధించి, బాప్తిస్మము పొందినవారికి యేసు నామమున మరల బాప్తిస్మమిచ్చు బోధకులు తెలుగు పల్లెలలో తిరుగుచున్నారు. వారు బైబిలు పట్టుకొందురు, సిలువను ప్రకటింతురు, మనకంటె ఎక్కువ దూరము నడతురు. నాలుగు గురుతులును చూపి తిన్నగా లోపలికి వత్తురు!

ఇంతకంటె నన్ను బాధించు లోటు మరియొకటి కలదు. మన పల్లెలలో అనేకచోట్ల మాలపల్లెకొక మందిరము, మాదిగపల్లెకొక మందిరము. ఉభయులును మారుమనస్సును, బైబిలును, సిలువను, సువార్త సేవను ఒప్పుకొందురు. ప్రభువు బల్లయొద్ద మాత్రము కలిసికొనరు. బెబ్బింగ్‌టన్ గారి కొలత ప్రకారము ఇందులో కొదువ యేమియు కనబడదు. పౌలు కొలత అది కాదు. అంతియొకయలో పేతురు బోధలో తప్పిపోలేదు, అన్యజనులతో కూర్చున్న భోజనపు పంక్తినుండి లేచిపోయెను, అంతే. ఆ లేచిపోవుటనే పౌలు సువార్త సత్యమునకు విరోధమైన నడతగా ఎంచి, అందరి యెదుట ఆయనను నిలదీసెను.

ఈ బల్ల సంగతి ఆ నాలుగు గురుతులలో లేదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో ఉన్నది. రెండవ అధ్యాయము, పదునొకండవ వచనము మొదలుకొని చదువుము. మీ ఊరి రెండవ మందిరపువారితో కూడ కూర్చుండి చదువుము.