కారు రాని సందు

మా ఇంట్లో రెండొందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటుంది. అట్ట మీద మా ఆవిడ చేతిరాతలో ‘చూసిన ఇళ్లు’ అని ఉంటుంది. పోయిన వినాయకచవితి మర్నాడు మొదలుపెట్టాం, ఇప్పటికి 31 ఇళ్లు ఎక్కాయి. దేనికీ డోరు నంబరు రాయలేదు, పేర్లు పెట్టుకున్నాం. గుంట ఇల్లు. క్యాలెండరు ఇల్లు. అమెరికా ఇల్లు. కోడిపుంజు ఇల్లు. రాత్రి అన్నాల దగ్గర ఆవిడ “కోడిపుంజుకి ఇంకో లక్ష తగ్గుతాడేమో అడగండి” అంటుంటే, పక్క వాటా వాళ్లు మమ్మల్ని సంక్రాంతి బరుల మనుషులనుకుని ఉంటారు.

ఆవిడ బాపట్లలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. నేను రేపల్లెలో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, వారానికోసారి ఇక్కడ ఇలా రాస్తాను. కాపురం తెనాలి మారీసుపేటలో, ఏడు వేల అద్దెకి. తెనాలి జంక్షను కాబట్టే ఈ ఏర్పాటు. పొద్దున్నే ఆవిడ మద్రాసు లైనులో బాపట్ల పోతుంది, నేను 1916లో వేసిన బ్రాంచి లైను పట్టుకుని వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోతాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలో పడ్డాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జీతాలు ఒక జిల్లాలో తెచ్చుకుని అద్దె ఇంకో జిల్లాలో కడుతున్నాం.

మూడు ఊళ్లలో ఎక్కడైనా సరే, సొంత ఇల్లు అనుకున్నాం. చేతిలో 8 లక్షలు. బ్యాంకు 20 లక్షల దాకా ఇస్తానంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లంటే నెలకి 17,356 రూపాయల కిస్తీ. ఆ అంకెని నోటుబుక్కు మొదటి పేజీలో రాసి చుట్టూ గడి గీసింది ఆవిడ. ఎనిమిదీ ఇరవై కలిపితే 28 లక్షల ఇల్లు అని నేను కూడేశాను. ఆవిడ పెన్సిలు తీసింది. స్టాంపు డ్యూటీ ఐదు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర శాతం. దానికి మాలాంటి వాళ్లకి బ్యాంకు అప్పివ్వదు, చేతి డబ్బే పెట్టుకోవాలి. బ్రోకరుకి ఒక శాతం. లాయరు, బ్యాంకు ఇంజినీరు, సున్నాలు, సామాను బండి. అన్నీ తీసేస్తే ఇల్లు 25 లక్షల దగ్గర ఆగింది.

“నిన్నటిదాకా మూడు లక్షలు ఎక్కువున్నాయి కదా” అన్నాను.

“లేవు. మీరు లెక్క వెయ్యలేదు, అంతే” అంది.

లెక్కలు రాసి బతికేవాణ్ణి నేను!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మా తెనాలి మనిషి చక్రపాణి అందులో రెండో సగాన్ని 1952లో సినిమా పేరు చేసుకున్నారు. స్థలం కొని కట్టే స్తోమత లేక, ఇంకొకరు కట్టుకుని విసిగిపోయిన ఇంటిని కొనేవాళ్ల మీద మాత్రం సామెత కూడా లేదు.

మొదటి పది ఇళ్లూ పెళ్లిచూపులకి వెళ్లినట్టు వెళ్లాం. ఆదివారం పదకొండింటికి రమ్మంటారు. వెళ్లేసరికి ఇల్లు కడిగి, ముగ్గేసి, ట్యాంకు నింపి ఉంటుంది. కాఫీ ఇస్తారు. వాళ్ల కాఫీ తాగి, వాళ్ల ముందే గోడ గోకి చూడటానికి మొహమాటం. క్యాలెండరు ఇంట్లో హాలు గోడకి నాలుగు క్యాలెండర్లున్నాయి, అందులో రెండు పాత సంవత్సరాలవి. భక్తి అనుకున్నాను. మా ఆవిడ ‘స్వామివారి ఫొటో బాగుందండీ’ అంటూ ఒకదాన్ని పక్కకి జరిపింది. వెనక శ్లాబు నుంచి కిటికీ దాకా ఏటవాలుగా బీట. వేలు పట్టేటంత. ఇంటాయన వెంటనే పంచాంగం సంగతి ఎత్తుకున్నాడు.

గుంట ఇల్లు చెంచుపేటలో. ఒంటరిగా ఉండే పెద్దావిడ అమ్ముతోంది. వీధిలోంచి రెండు మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. “మేం కట్టినప్పుడు మూడు మెట్లెక్కి వచ్చేవాళ్లం అమ్మాయ్” అంది ఆమె. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కంకర, దాని మీదే సిమెంటు, మళ్లీ కొన్నేళ్లకి ఇంకో పొర. ప్రతి ఎన్నికలకీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. గడప ముందు నాలుగు వరసల ఇటుకలు పేర్చి సిమెంటు పూసి ఉంది, పొలం గట్టులాగా. లోపల ఇనప బీరువా కింద నాలుగంగుళాల మేర తుప్పు. స్కేలు పెట్టి గీసినట్టు, నాలుగు వైపులా ఒకే ఎత్తున. వాననీళ్లు హాల్లో ఎంతవరకు నిలిచాయో ఆ బీరువా రాసి పెట్టుకుంది. పెద్దావిడ ఏదీ దాచలేదు. తగ్గించి ఇస్తానంది. ఆమె చెప్పిన ధర మాకు సరిపోయేదే. ఇంటికొచ్చాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ ఇల్లు కొంటే మెట్లు కట్టటం కాదు, ఇల్లే మళ్లీ కట్టాలి. అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా ముందు మెట్లు లెక్కపెట్టడం అలవాటైంది. ఇప్పుడు చుట్టాల ఇళ్లకెళ్లినా లెక్కపెడుతున్నాను.

తెనాలిలో మిగతా ఇళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ బేరం దగ్గరైనా మూడో మాటకి రాజధాని వచ్చేస్తుంది. అమరావతికి శంకుస్థాపన 2015లో జరిగితే, వంటింట్లో పెచ్చులూడుతున్న ఇంటాయన కూడా దాన్ని తన ధరలో కలుపుకుంటాడు. మేం రేపల్లె వైపు చూశాం.

అటు నేల నల్లమట్టి, సముద్రం దగ్గర, కింద ఉప్పునీళ్లు. గోడలు పునాది నుంచి రెండడుగుల దాకా చెమ్మగా ఉంటాయి, సున్నం పొట్లు లేచి, వేలితో రాస్తే తెల్లగా ఉప్పు రాలుతుంది. కొత్తగా రంగేసిన ఇంట్లో కింది రెండడుగులకి టైల్స్ అతికించి ఉంటే అందానికి అనుకోకండి. రోజూ నా రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడ క్రీస్తుకి పూర్వం కట్టిన స్తూపం ఇటుకలు ఇంకా ఉన్నాయి. మేం చూసిన ఒక ఇంటి గోడకి పాతికేళ్లు నిండలేదు, చెయ్యి వేస్తే చేతిలోకొచ్చింది.

అమెరికా ఇల్లు మాత్రం వేరు. రేపల్లెలోనే, రెండు సెంట్లు, అంటే 97 గజాలకి కొంచెం తక్కువ. ఎత్తైన అరుగు, ఐదు మెట్లు. వెనక వేపచెట్టు, దాని నీడ సరిగ్గా డాబా మీద సగం. 24 లక్షలు. వంటింటి కిటికీలోంచి పొద్దుటి ఎండ పొయ్యిగట్టు మీద పడుతోంది. నేను అప్పటికే డాబా మీద పడక్కుర్చీ వేసేశాను మనసులో. ముగ్గురు అన్నదమ్ములు అమ్ముతున్నారు. ఇల్లు తండ్రి సొంత సంపాదన, ఆయన పోయి ఆరేళ్లు, వీలునామా లేదు. కాగితాలన్నీ టేబుల్ మీద పరిచారు. మా ఆవిడ గోడ మీద కుటుంబం ఫొటో వైపు చూసి “ఈవిడెవరండీ?” అంది.

“మా అక్క. అమెరికాలో ఉంటుంది.”

“ఆమె సంతకం?”

“దానికి పెళ్లప్పుడే పసుపుకుంకుమ కింద ఇచ్చేశాం కదమ్మా.”

“కాగితం రాసుకున్నారా?”

“ఇంటాడపిల్లతో కాగితాలేంటమ్మా?” అన్నాడు పెద్దాయన, నొచ్చుకున్నట్టు.

తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలిపోతే కూతురిది కొడుకుతో సమాన వాటా. ఇది 1956 నాటి వారసత్వ చట్టం. పిత్రార్జితంలో కూడా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచి వాటా ఇచ్చింది, 2005లో దేశమంతటికీ ఆ మాటే చట్టమైంది. పసుపుకుంకుమ ఇచ్చామన్న నోటిమాటకి ఇవేవీ చెల్లిపోవు. ఆమె హక్కు వదులుకున్నట్టు రిజిస్టరు కాగితమైనా ఉండాలి, అమ్మకంలో సంతకమైనా చెయ్యాలి. అమెరికా అడ్డం కాదు, అక్కడి మన కాన్సులేటులో సంతకం పెట్టి తమ్ముడి పేరున పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఆ మాటే చెప్పాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ‘కనుక్కుని చెబుతాం’ అన్నారు. చెప్పలేదు.

తిరుగు రైల్లో నేను వేపచెట్టు గురించే బాధపడుతున్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ “అక్కకి ఇల్లమ్ముతున్న సంగతే తెలియదు” అంది. పెదపులివర్రు దాకా ఇంకేం మాట్లాడలేదు.

బాపట్లలో ఒకాయన ఇంకో మెలిక పెట్టాడు. రిజిస్ట్రేషన్ ప్రభుత్వ విలువకి, మిగతాది చేతికి. అందరూ ఇలాగే చేస్తారన్నాడు. దస్తావేజులో ఎంత రాస్తే దాని మీదే కదా బ్యాంకు అప్పు. చేతికివ్వటానికి మా దగ్గర నల్లడబ్బు లేదు, తెల్లడబ్బు కూడా చాలకే బ్యాంకుకి వెళ్తున్నామని చెప్పి లేచాం.

ఇరవై ఇళ్లు దాటాక ఇద్దరికీ నీరసం వచ్చింది. ఒకరి మీద ఒకరం విసుక్కోవటం మొదలైంది. నేను దేన్ని చూసినా పడక్కుర్చీ వేస్తాననీ, ఆవిడ దేన్ని చూసినా బీట వెతుకుతుందనీ. ఒకరాత్రి ఆవిడే నోటుబుక్కు వెనక్కి తిప్పి, ఏ ఇల్లు ఎందుకు తగ్గింపు ధరకి వస్తోందో ఒక పేజీలో రాసింది. దక్షిణముఖం. వీధిపోటు. ఈశాన్యం కోసుకుపోయింది. పక్కన శ్మశానం రోడ్డు. నీళ్లు నిలుస్తాయి. చెమ్మ. వారసుల తగాదా. సందు ఇరుకు. రాసి, “మన డబ్బుకి లోపం లేని ఇల్లు రాదు. వీటిల్లో ఎవరో భయపడి వదిలేసినవి, మనకి లోపం కానివి ఏవో చూడండి” అంది. నీళ్లు, చెమ్మ, వారసులు కొట్టేసింది. దక్షిణముఖం ఉంచింది. వీధిపోటు దగ్గర పెన్సిలు ఆగింది. “మీ అమ్మగారు ఒప్పుకోరు” అని కొట్టేసింది.

‘సందు ఇరుకు’ అన్న ఇల్లు బాపట్లలో కార్తీకంలో చూసినది. దక్షిణముఖం, సందు ఐదడుగులు. ఏడాదిగా చూపిస్తున్నాననీ, వచ్చినవాళ్లంతా సందు మొదట్లోనే ఆగి ‘కారు ఎక్కడ పెట్టాలి’ అని తిరిగి వెళ్లిపోతున్నారనీ ఇంటాయన చెప్పాడు. మేం స్టేషన్ నుంచి నడిచి వెళ్లాం. మాకు కారు లేదు, 17,356 కడుతూ ఇరవై ఏళ్లలో కొనేదీ లేదు. ఆ రోజు పొద్దుటి నుంచి పెద్ద వాన. మేం వెళ్లిన గంటకి వెలిసింది. సముద్రం వైపు నేల కాబట్టి అంతా ఇసుక, సందులో నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి. మెట్లు మూడు, పైకే.

బ్రోకరు వెళ్లాక మళ్లీ వెనక్కొచ్చి ఎదురింటి ఆమెని అడిగాం, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు ఈ ఇంటికేమైందని. పెరట్లో కొబ్బరిచెట్టు పడి ప్రహరీ కూలిందనీ, ఇంట్లోకి నీళ్లు రాలేదనీ చెప్పింది. చెట్టు మొదలు ఇంకా ఉంది. ప్రహరీ కొత్తది. ఎదురింటివాళ్లకి కమిషను లేదు కాబట్టి నిజం అక్కడే దొరుకుతుంది. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయించాం, లింకు డాక్యుమెంట్లతో సరిపోయింది. పుష్యమాసం దాకా ఆగి బేరానికి వెళ్లాం. శూన్యమాసంలో కొనేవాడు రాడు కాబట్టి అమ్మేవాడు కూర్చుని మాట్లాడతాడు. 27 అన్నది 24 లక్షల 60 వేలకి తెగింది. రిజిస్ట్రేషన్‌కి 1,84,500. నోటుబుక్కులో గడి దాటలేదు.

అమ్మకి ఫోను చేశాను. దక్షిణముఖం అనగానే కాసేపు మౌనం. తర్వాత సందు సంగతి అడిగింది. “రేపు నాకో మీకో ఏమన్నా అయితే అంబులెన్సు ఎలా వస్తుందిరా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. మా ఆవిడ ఫోను అందుకుని “అంబులెన్సు రాదు అత్తయ్యా, స్ట్రెచరు వస్తుంది. మలుపు దగ్గర కూడా తిరుగుతుంది. ఆస్పత్రిలో స్ట్రెచరు కొలిచి, ఆ టేపుతోనే సందు కూడా కొలిచి వచ్చాను” అంది. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఆవిడకి ఇక ఆస్పత్రి నడిచిపోయేంత దూరం. నేను 216 జాతీయ రహదారి మీద రేపల్లెకి బస్సు పట్టుకోవాలి. గ్యాసు బండని సందు చివరినుంచి దొర్లించుకు రావాల్సింది కూడా నేనే.

మాఘం నెలాఖరుకి మారీసుపేట వాటా ఖాళీ చేస్తున్నాం. ఎవరికైనా కావాలంటే చూసుకోండి. రెండు గదులు, వంటిల్లు, స్టేషనుకి నడక. అద్దె ఏడు వేలు, ఇంటివాళ్లు మంచివాళ్లు. పెద్ద వానకి వెనక గది తూర్పు మూల కురుస్తుంది. అక్కడ క్యాలెండరు పెట్టలేదు.