దర్గా కొండ కింద మేం

విశాఖపట్నం హార్బరు ముఖం దగ్గర మూడు కొండలున్నాయి. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఒక కొండ మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. ఒక కొండ మీద మేరీమాత చర్చి. ఊరికి చుట్టాలొస్తే తీసుకెళ్లి చూపిస్తాం. సభల్లో ఉపన్యాసకులూ వీటినే చూపిస్తారు. మన లౌకికవాదం అంటే ఇదిగో ఇదీ అంటారు. మేం చప్పట్లు కొడతాం. ఇన్నేళ్లూ కొట్టాం. ఇప్పుడు చప్పట్లు ఆపి ఒక ప్రశ్న అడగదల్చుకున్నాం. గుడీ, దర్గా, చర్చీ పక్కపక్కన ఉన్నంత మాత్రాన ప్రభుత్వం ఏ మతానికీ చెందనిది అయిపోతుందా?

ఇదే ప్రశ్న అమెరికాని అడగడం మనవాళ్లకి తేలిక. డాలరు నోటు మీద దేవుడి పేరెందుకు, కోర్టులో బైబిలెందుకు అని మన అభ్యుదయ మిత్రులు చక్కగా నిలదీస్తారు. సొంత ఊరి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. అందుకే మేం రెండు చోట్లా కలిపి అడుగుతాం.

ముందు దర్గా సంగతి. బంగాళాఖాతం గాలీ అలా బాబా మాట వింటాయని పాత నావికుల నమ్మకం. బ్రిటిషు కాలంలో రాసిన జిల్లా గెజిటీరులోనే ఈ సంగతి ఉంది. హిందూ ఓడల యజమానులు సరుకుతో క్షేమంగా తిరిగొస్తే వెండితో చేసిన చిన్న దోనెలు దర్గాకి సమర్పించుకునేవాళ్లు. రేవులోకి వచ్చే పోయే ఓడలు జెండాని మూడుసార్లు దించి ఎత్తేవి. సముద్రం మీద బతికేవాడి భయం, నమ్మకం అది. జనం పని. సర్కారు పని కాదు. ఆ రోజుల్లో ఎవరూ దాన్ని లౌకికవాదం అని పిలవలేదు. పిలవాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు కొండ దిగి నేవీ వైపు వద్దాం. 2009 జులై 26న ఈ ఊళ్లోనే అణు జలాంతర్గామి అరిహంత్‌ని నీళ్లలోకి దించారు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. ఆయన భార్య గురుశరణ్ కౌర్ దాని మీద కొబ్బరికాయ కొట్టారు. యుద్ధనౌకల్ని జలప్రవేశం చేయించేటప్పుడు అథర్వవేద మంత్రాలు చదవడం మన నేవీలో ఆనవాయితీ. నేవీ చిహ్నం మీద ఉన్న మాట కూడా ఉపనిషత్తు నుంచి తీసుకున్నదే. వరుణుడు మాకు శుభం చెయ్యాలి అని దానర్థం.

కొబ్బరికాయతో మాకు పేచీ లేదు. మేమూ దర్గాలో కొబ్బరికాయ కొడతాం. ఫాతెహా ఇప్పించి ఆ ముక్కలు ఇరుగుపొరుగుకి పంచుతాం. మా పీర్ల పండక్కి హిందూ ఇళ్లవాళ్లు మొక్కులు తీర్చుకుంటారు. దసరాకి ఫ్యాక్టరీ షెడ్డులో పనివాడు తన మిషనుకి పసుపూ కుంకుమా పెట్టుకుంటే, ఆ పక్క మిషను దగ్గర మావాడే ఉంటాడు. ప్రసాదం తింటాడు. అతను తన మిషనుకి చేసుకునే పూజలో మాకు ఏ బాధా లేదు.

బాధ ఇంకోచోట ఉంది. ఆ రోజు ఇక్కడికొచ్చిన ప్రధాని సిక్కు. ఆయన భార్యా సిక్కే. అయినా క్రతువు మారలేదు. అంటే పదవిలో ఉన్నవాళ్ల మతంతో పనిలేకుండా ప్రభుత్వానికంటూ ఒక పూజావిధానం స్థిరపడిపోయింది. ఇది ఒక మతం తంతు కదా అని అడిగితే, కాదు, సంప్రదాయం అంటారు. సంప్రదాయం అనగానే ప్రశ్న ఆగిపోతుంది. ఇంకా అడిగేవాడు దేశం మీద ప్రేమ లేనివాడైపోతాడు. ఈ సంప్రదాయం అనే మాటని విప్పి చూడాలనే ఈ వ్యాసం.

అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణం ప్రభుత్వ పదవికి మతపరీక్ష పెట్టకూడదంది. 1791లో వచ్చిన మొదటి సవరణ, ప్రభుత్వం మతాన్ని స్థాపించకూడదనీ ఎవరి ఆచరణకీ అడ్డురాకూడదనీ చెప్పింది. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ దీన్నే మతానికీ రాజ్యానికీ మధ్య కట్టిన గోడ అన్నాడు. ఆ మాట ఎవరికి రాసిన ఉత్తరంలో అన్నాడో మనవాళ్లు చెప్పరు. కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీలోని బాప్టిస్టులకి. అక్కడి ప్రభుత్వం వేరే క్రైస్తవశాఖ చర్చిని పోషిస్తోంది. బాప్టిస్టులు కొద్దిమంది. మా ఆచరణ మా హక్కు, ప్రభుత్వం దయతో ఇచ్చే సౌకర్యం కాదు అన్నది వాళ్ల మొర. అంటే ఆ గోడ కావాలన్నది నాస్తికులు కాదు. దేవుణ్ణి గట్టిగా నమ్మిన మైనారిటీ. ఈ సంగతి మేం గుర్తుపెట్టుకోవాలి. లౌకికవాదం అంటే నమాజు మానెయ్యడం అని మా మౌల్వీసాబులు కొందరు భయపెడతారు. లౌకికవాదం అంటే మతం వదిలెయ్యడం అని మన హేతువాద మిత్రులూ అంటారు. ఇద్దరూ డాన్‌బరీ సంగతి చదవాలి.

ఆ గోడకి కన్నాలు పడుతూనే వచ్చాయి. సోవియట్ రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం నడిచే రోజుల్లో, 1954లో, బడిపిల్లలు జెండా ముందు చేసే ప్రతిజ్ఞలోకి దేవుడి పేరు వచ్చింది. 1956లో దేవుడి మీద విశ్వాసమే ఆ దేశపు అధికార నినాదమైంది. 1962లో మాత్రం అక్కడి సుప్రీంకోర్టు గట్టిగా నిలబడింది. న్యూయార్క్ రాష్ట్ర అధికారులు రాసిచ్చిన ప్రార్థనని సర్కారు బళ్లలో చదివించడం చెల్లదంది. ఇష్టంలేని పిల్లలు ఊరుకోవచ్చన్నా సరే, చెల్లదంది.

తర్వాత గాలి మారింది. 2014లో గ్రీస్ అనే ఊరి పాలకమండలి సమావేశాల్లో ఎక్కువగా క్రైస్తవ ప్రార్థనలే చదివించడం చెల్లుతుందని అదే కోర్టు 5-4తో తీర్పిచ్చింది. కారణం, సంప్రదాయం. 2022లో బ్రెమర్టన్ కేసు వచ్చింది. బ్రెమర్టన్ మా ఊరిలాంటిదే. నేవీ, ఓడల యార్డు ఉన్న రేవు పట్టణం. అక్కడ సర్కారు బడిలో ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసేవాడు. అది ఆయన సొంత హక్కు అని కోర్టు 6-3తో అంది. ఇక నుంచి చరిత్రనీ ఆనవాయితీనీ చూసి ఇలాంటివి తేల్చాలంది. కోచ్‌కి దేవుణ్ణి తలుచుకునే హక్కు లేదని మేమూ అనం. కానీ ఆ కేసులో ఒక కుర్రాడున్నాడు. వాడికి ప్రార్థనలో నమ్మకం లేదు. కలవకపోతే ఆటలో దించరేమోనని భయపడి కలిశాడని వాడి తండ్రి చెప్పుకున్నాడు. తీర్పులో కోచ్ గెలిచాడు. ఆ కుర్రాడి భయం మాత్రం తీరలేదు. మేం ఆ కుర్రాడి పక్కన నిలబడి ఈ చర్చని చూస్తున్నాం. ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా అనేవాళ్లకి, జట్టులో చోటు కోసం తల వంచడం ఎలా ఉంటుందో తెలీదు.

మన దేశంలో సంప్రదాయానికి ఇంకో పేరుంది. జీవన విధానం. 1995 డిసెంబర్‌లో మన సుప్రీంకోర్టు ఒక ఎన్నికల కేసులో హిందూత్వ అంటే ఒక జీవన విధానం అంది. మతం పేరుతో ఓట్లడిగినందుకు ఆ అభ్యర్థి ఎన్నిక చెల్లదని కూడా ఆ తీర్పే అంది. ఎన్నిక రద్దయిన సంగతి మర్చిపోయారు. జీవన విధానం అన్న మాట మాత్రం దేశమంతా తిరిగింది. మెజారిటీ మతానికి ఉన్న సౌకర్యం ఇదే. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మతం కాకుండా పోగలదు. మా నమాజు ఎప్పుడూ మతమే. రెండు దేశాల్లోనూ ఇదే మర్మం.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. ఈ ఊళ్లో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు వీధి వీధికీ ఉన్నాయి. అక్కడ వాళ్లు గుళ్లు కట్టుకున్నారు, మొదటి సవరణ నీడలో. సంతోషం. 2000 సెప్టెంబర్ 14న ఒహాయోలోని పార్మా శివవిష్ణు దేవాలయం పూజారి వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు. ఆ సభలో హిందూ ప్రార్థన అదే మొదటిసారి. క్రైస్తవ ఛాందస సంస్థలు గొణిగాయి. 2007 జులైలో సెనేట్‌లో మొదటి హిందూ ప్రార్థన జరుగుతుంటే కొందరు కేకలేసి అడ్డుకోబోయారు. వాళ్ల వాదన ఏమిటి? ఇది క్రైస్తవ దేశం, ఇదే మా సంప్రదాయం. ఆ మాట మన తెలుగు కుటుంబాలకి అక్కడ గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా. మేం అడిగేది ఒక్కటే. అక్కడ గుచ్చుకున్న మాట ఇక్కడ మీ నోటి నుంచి వస్తే మాకు గుచ్చుకోదా? డల్లాస్‌లో కొడుక్కి గోడ కావాలి. విశాఖలో తండ్రికి గోడ అక్కర్లేదు. ఇదేం న్యాయం?

ప్రభుత్వం పూజ భుజానికెత్తుకుంటే ఏమవుతుందో 2020లో చూశాం. తిరుమల బ్రహ్మోత్సవాలకి ముఖ్యమంత్రి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు తీసుకెళ్తారు. ఆ ఏడు జగన్‌మోహన్‌రెడ్డి వెళ్తుంటే, ఆయన క్రైస్తవుడు కాబట్టి అన్యమతస్థుల డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలని గొడవ లేచింది. గుడికి దాని నియమాలుంటాయి, ఉండనివ్వండి. అక్కడికెళ్లింది ముఖ్యమంత్రి పదవి. ఆ పదవికే పూజ అంటగట్టాక, అందులో కూర్చున్నవాడి మతం అడగకుండా ఎలా ఉంటారు? ఏ రాజ్యాంగంలోనూ రాయని మతపరీక్ష ఇలా దొడ్డిదారిన వస్తుంది. రేపు ఒక ముస్లిం ఆ పదవిలోకొస్తే ఏం జరుగుతుందో ఊహించడానికి కూడా మనవాళ్లు సిద్ధంగా లేరు.

మా ఇంటి తప్పులూ చెప్పుకోవాలి. 1985లో సుప్రీంకోర్టు షాబానోకి భరణం ఇప్పించింది. మా మతపెద్దలు వీధికెక్కారు. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ తీర్పుని పక్కకి నెట్టే చట్టం చేసింది. అదే ఏడు ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. ఆ పెద్దలకి ఒక చట్టం, ఈ పెద్దలకి ఒక తాళం. సర్వధర్మ సమభావం అంటే ఆచరణలో ఇది. ప్రభుత్వం కరచాలనం చేసేది మతపెద్దలతో. చెయ్యి నలిగేది షాబానోది. అందుకే మంత్రాల పక్కన మా ఫాతెహా కూడా చదివించండి అని మేం అడగం. ప్రభుత్వం మాకూ ఒక పూజ చేసిపెడితే మా కడుపు నిండదు.

కడుపు సంగతి వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులం హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. ముస్లింలకీ క్రైస్తవులకీ ఈనాటికీ లేదు. చేసే పని అదే, అంటరానితనం అదే, మతం మారితే కాగితం మారిపోతుంది. ప్రభుత్వంలో మతం ఎక్కడుందో వెతికేవాళ్లు కొబ్బరికాయ దగ్గర ఆగిపోకుండా ఈ ఉత్తర్వు దాకా రావాలి.

చివరగా ఉక్కు మాట. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నప్పుడు ఆ ఆంధ్రుల్లో మేమూ ఉన్నాం. ఆ నినాదం ఎవరి మతమూ అడగలేదు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే ప్రధాని ఏలుబడిలో నాలుగు నెలలకి, డిసెంబర్ 6న, బాబ్రీ మసీదు కూలింది. అంకితం పుచ్చుకున్న ఆ జాతిలో మేం ఉన్నామా అని ఆ రోజు మాకు మొదటిసారి అనుమానం వచ్చింది. 2021లో ఆ కర్మాగారాన్ని ప్రైవేటుకి అమ్ముతామన్నప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో మళ్లీ అందరూ కలిసి కూర్చున్నారు. అక్కడ ఏ పూజా అవసరం లేకుండానే మనం అనే మాట పుట్టింది.

తెలుగులో మనం వేరు, మేం వేరు. ఈ వ్యాసం నిండా మేం మేం అని రాశాం. వేరుపడే సరదాతో కాదు. ప్రభుత్వం పలికే మనంలో మా చోటు ఇంకా తేలలేదు కనక. కొండల మీద దేవుళ్లు పక్కపక్కన బాగానే ఉన్నారు. వాళ్ల సంగతి జనం చూసుకుంటారు. ప్రభుత్వం కొండెక్కక్కర్లేదు. కింద, నేల మీద, పౌరుల్ని సమానంగా చూస్తే చాలు. ఆ రోజు మేం అనే మాట మేమే మానేస్తాం.