బకెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు: 'ప్రైడ్' సినిమా గురించి

హక్కుల చరిత్ర అనగానే మనకు కోర్టులు, తీర్పులు, పెద్ద నాయకులు గుర్తుకొస్తారు. 2014లో వచ్చిన 'ప్రైడ్' అనే ఇంగ్లిషు సినిమాలో చందా బకెట్లు, ఒక వ్యాను, ఒక పల్లెలోని మీటింగు హాలు కనిపిస్తాయి. అందుకే అది నాకు నచ్చింది. నచ్చని సంగతులూ ఉన్నాయి. రెండూ చెబుతాను.

ఇది నిజంగా జరిగిన కథ. బొగ్గుగనులు మూసేస్తామన్నందుకు 1984 మార్చిలో బ్రిటన్ గని కార్మికులు సమ్మెకు దిగారు. ప్రధాని మార్గరెట్ థాచర్ దిగిరాలేదు. సమ్మె ఏడాది సాగింది, ఇల్లు గడవడమే కష్టమైంది. అప్పుడు లండన్‌లో మార్క్ ఆష్టన్, మైక్ జాక్సన్ అనే ఇద్దరు యువకులు స్నేహితుల్ని కూడగట్టి కార్మికుల కోసం చందాలు వసూలు చేశారు. వీళ్లు గేలు, లెస్బియన్లు. అంటే అబ్బాయి అబ్బాయినే, అమ్మాయి అమ్మాయినే ప్రేమించేవాళ్లు. అక్కడ 1967లో చట్టం కొంత సడలినా, 21 ఏళ్లు నిండని మగవాళ్లకు అది ఇంకా నేరమే. మనల్ని వేధించే పోలీసులే వాళ్లనూ వేధిస్తున్నారు కదా అన్నది మార్క్ లెక్క. ఆ డబ్బు వేల్స్‌లోని డులైస్ లోయకు చేరింది.

దర్శకుడు మాథ్యూ వార్కస్ గొప్పతనం చిన్న సన్నివేశాల్లో ఉంది. వంటగదిలో బ్రెడ్డుకు వెన్న రాస్తూ క్లిఫ్ అనే పెద్దాయన, తాను గేనని హెఫీనాకు మెల్లగా చెబుతాడు. ఆవిడ ఆ సంగతి ఎన్నో ఏళ్లుగా తెలుసంటుంది. ఇద్దరూ పని చేసుకుంటూనే ఉంటారు. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. బిల్ నై, ఇమెల్డా స్టాంటన్ నటన చూడాలంటే ఈ ఒక్క సీను చాలు.

ఇక లోపాలు. ఊళ్లో వ్యతిరేకతనంతా దాదాపు మోరీన్ అనే ఒక్కావిడ నెత్తిన పెట్టేశారు. నిజానికి అలాంటి ద్వేషం ఒక్కరిలోనే ఉండదు. లెస్బియన్లు విడిగా సంఘం పెట్టుకోవడాన్ని నవ్వులాటగా చూపించారు. ముగింపు మరీ తీపిగా ఉంది. 1985లో లండన్ ప్రైడ్ ఊరేగింపుకు గని కార్మికులు తమ యూనియన్ జెండాతో వచ్చి ముందు నడిచారు. అది నిజమే, చూస్తుంటే కళ్లు చెమర్చాయి. ఆ ఏడాదే లేబర్ పార్టీ మహాసభలో గేల హక్కుల తీర్మానానికి కార్మికుల యూనియన్ ఓట్లు తోడయ్యాయి. కానీ సమ్మె ఓడిపోయింది, గనులు మూతపడ్డాయి. 1988లో సెక్షన్ 28 అనే చట్టం వచ్చి, ఈ విషయం మాట్లాడాలంటేనే టీచర్లు భయపడేలా చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అది 2003 దాకా ఉంది. ఊరేగింపు దగ్గర ఆగిపోతే పోరాటం అయిపోయిందనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. ఈ సినిమా అమెరికా డీవీడీ అట్ట మీద కథ వివరంలో 'గే', 'లెస్బియన్' అన్న మాటలే తీసేశారు! ఎవరి కథో వాళ్ల పేరే లేకుండా అమ్మారన్నమాట.

మనకూ ఇందులో సంబంధం ఉంది. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన సెక్షన్ 377 మన దేశంలోనూ ఇలాంటి ప్రేమను నేరం చేసింది. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది.

తమిళనాడులో తెలుగు చదువుకునే మనమూ కొద్దిమందిమే. పదో తరగతిలో మన భాషలో పరీక్ష రాయనివ్వమని మన పెద్దలు ఎన్నిసార్లు అడిగారో ఇంట్లో వింటూనే ఉన్నాం. మన మాట ఎవరైనా వింటే బాగుండునని ఎదురుచూడటం మనకు తెలుసు. ఈ సినిమాలో వాళ్లు ఎదురుచూడలేదు. ముందు తామే వెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన నిలబడ్డారు. నడక వేరుగా ఉందనో, గొంతు సన్నగా ఉందనో ఒకణ్ని క్లాసులో ఏడిపిస్తుంటే, నవ్వకుండా వెళ్లి వాడి బెంచీలో కూర్చోవడానికి మనకు ఏ తీర్పూ అక్కర్లేదు.