పిడికిలి మూసి వేసే కానుక

ఆదివారం రెండో పూజ అయ్యాక మా గుడి పక్క గదిలో విన్సెంట్ డి పాల్ సంఘంవాళ్లు కూర్చునేవారు. ఊళ్లో అందరూ ఎస్వీపీ అనే అంటారు. పది పన్నెండుమంది ఉండేవారు. ఒకాయన బడిపంతులు, ఒకాయన ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు అన్నదమ్ములు రోజుకూలీలు, ఒకామె ఇంట్లో జాకెట్లు కుట్టేది. ప్రార్థన, పోయిన వారం పద్దు, ఈ వారం ఎవరింటికి ఎవరు వెళ్లాలనే మాటలు అయ్యాక చివర్లో ఒక నల్లగుడ్డ సంచి తిరిగేది. ఒక్కొక్కరూ పిడికిలి బిగించి చెయ్యి లోపల పెట్టి, అడుగున విప్పి, మళ్లీ పిడికిలి బిగించే బయటికి తీసేవారు. వంద వేసిందెవరో, రెండు రూపాయల బిళ్ల వేసిందెవరో, ఏమీ వెయ్యలేనిదెవరో పక్కవాళ్లకు తెలియదు. నాన్న పక్కన కూర్చున్న నేను ఒకసారి నా బిళ్లను సంచి మూతి దగ్గరే వదిలేశాను. లోపలి చిల్లర మీద పడి ఠంగుమంది. ఇంటికొచ్చే దారిలో నాన్న అన్నాడు: "చెయ్యి అడుగుదాకా పెట్టి వదలాలిరా. చప్పుడైతే పక్కాయన లెక్క కట్టుకుంటాడు. వెయ్యలేని ఆయన తల దించుకుంటాడు."

దీన్ని వాళ్లు రహస్య కానుక అంటారు. ఈ సంఘం దాదాపు 150 దేశాల్లో ఉంది, సమావేశాల్లో ఈ సంచి తిరగడం అన్నిచోట్లా ఉన్న ఆచారమే. నాయకత్వం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఏదీ ఆ సంచి చెప్పినంత సూటిగా నాకు చెప్పలేదు. పెట్టే చెయ్యి కనబడకూడదు. ఎక్కువ పెట్టినవాడి మాట ఎక్కువ చెల్లకూడదు. ఈ రెండింటినీ కాపాడుకోవడానికే ఈ కతోలిక సోదర సంఘం తన పద్ధతులన్నీ అల్లుకుందని నా నమ్మకం.

సంఘం ఎవరి పేరు పెట్టుకుందో ఆ పునీత విన్సెంట్ డి పాల్‌కి పద్ధతి విలువ ఒక్క మధ్యాహ్నంలో తెలిసొచ్చింది. 1617 ఆగస్టులో ఆయన ఫ్రాన్సులో లియోన్ నగరానికి దగ్గరున్న షాతియోన్ అనే చిన్న ఊరికి విచారణ గురువు. ఒక ఆదివారం పూజకు తయారవుతుంటే, ఊరి బయట ఒక ఇంట్లో అందరూ మంచం పట్టారని, చూసే దిక్కు లేదని కబురొచ్చింది. ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. మధ్యాహ్నం తను కూడా అటు బయల్దేరితే దారి పొడుగునా జనమే. ఊరు ఊరంతా తిండి పట్టుకుని ఆ ఇంటికి కదిలింది. ఆయన సంతోషించాడు, ఆ వెంటనే ఆలోచనలో పడ్డాడు. ఇంత తిండి ఈ పూటకి ఎక్కువ. రేపటికి పాడైపోతుంది, ఎల్లుండి మళ్లీ పస్తులే. జనానికి జాలి ఉంది, వంతు లేదు. మూడు రోజులు తిరక్కుండా ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి ఏ రోజు ఎవరు వెళ్లాలో వంతులు వేయించాడు. ఆ ఏడాది చలికాలం మొదలయ్యేసరికి వాళ్లకొక నియమావళి రాసిచ్చాడు.

ఆ నియమావళి చదువుతుంటే ఏ పెద్దింటి ఇల్లాలో కొత్త కోడలికి చెబుతున్నట్టే ఉంటుంది. రోగి మంచం మీద పళ్లెం ఎలా అమర్చాలి, దాని మీద ఉతికిన గుడ్డ పరచడం మరిచిపోకూడదు, గిన్నె, చెంచా, రొట్టె అందుబాటులో పెట్టాలి, ముందు చేతులు కడిగించాలి, ప్రార్థన చెప్పించాలి, తినలేనంటే బుజ్జగించి తినిపించాలి. ఇంత చిన్న విషయాలు ఎందుకు రాయాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆకలి తీర్చడానికి రొట్టె చాలు. ఆ గుడ్డ పరిచేది మాత్రం అక్కడ పడుకున్నది మన ఇంటికి వచ్చిన అతిథి లాంటి మనిషి అని గుర్తుండటానికి.

రెండు వందల ఏళ్లు గడిచాక ఆ లియోన్ నుంచే ఒక కుర్రాడు పారిస్ వచ్చాడు. పేరు ఫ్రెడరిక్ ఓజనామ్. తండ్రి డాక్టరు, బీదవాళ్లకు ఊరికే వైద్యం చేసిన మనిషి, చివరికి 1837లో ఒక బీద రోగిని చూడబోయి మెట్ల మీంచి పడి కన్నుమూశాడు. ఓజనామ్ 1831లో న్యాయశాస్త్రం చదువుకి వచ్చి కొంతకాలం ఆంద్రే మరీ ఆంపియర్ ఇంట్లో ఉన్నాడు. మనం కరెంటును ఏ పేరుతో కొలుస్తామో ఆ ఆంపియరే. మరుసటి ఏడాది కలరా వచ్చి పారిస్‌లో సుమారు 18 వేలమందిని పొట్టన పెట్టుకుంది.

ఓజనామ్, అతని స్నేహితులు చరిత్ర మీద ఒక చర్చాగోష్ఠి నడిపేవారు. దాన్ని వాళ్లు కాన్ఫరెన్సు అనేవారు. అక్కడికి అన్ని భావాలవాళ్లూ వచ్చేవారు. ఒకనాడు ఒక విద్యార్థి నిలదీశాడు: క్రైస్తవం ఒకప్పుడు గొప్ప పనులు చేసింది సరే, ఇవాళ పేదవాళ్ల కోసం మీరేం చేస్తున్నారు? వాదనలో ఓడినవాళ్లు ఇంకా గట్టి వాదన వెతుక్కోవడం లోక సహజం. వీళ్లు అలా చెయ్యలేదు. ఓజనామ్, ల తాయాందియే అనే స్నేహితుడు కలిసి తమ దగ్గర చలికాలానికి మిగిలిన కట్టెలు మోసుకెళ్లి ఒక పేదింట్లో దించారని సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1833 ఏప్రిల్ 23న, ఓజనామ్‌కి ఇరవై నిండిన రోజున, ఆరుగురు విద్యార్థులు ఎమ్మాన్యుయేల్ బైయీ అనే పత్రికా సంపాదకుడి కార్యాలయంలో సమావేశమయ్యారు. ఆయనతో కలిపి ఏడుగురు. గోష్ఠి పోయింది గానీ పేరు నిలిచింది. మా గుడి పక్క గదిలో కూర్చున్న ఆ పది పన్నెండుమందినీ కాన్ఫరెన్సు అనే పిలిచేవారు.

ఉత్సాహం ఉంది, పేదవాడి గుమ్మంలో ఎలా నిలబడాలో తెలియదు. బైయీ వాళ్లను సిస్టర్ రోజలీ రాందూ దగ్గరికి పంపాడు. ముఫ్తార్ అనే పేదల పేటలో ఆమె అప్పటికే మూడు దశాబ్దాలుగా పనిచేస్తోంది. 1856లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఏ మెట్ల కింద ఏ కుటుంబం తలదాచుకుందో ఆమెకు తెలుసు. వెళ్లాల్సిన ఇళ్లు చెప్పింది, రొట్టెకీ కట్టెలకీ చీటీలు ఇచ్చింది, పేదవాళ్లతో ఎలా మెలగాలో నేర్పింది. సంఘం చరిత్రలో ఓజనామ్ పేరు ముందు వస్తుంది, రావాలి కూడా. నేనైతే సిస్టర్ రోజలీకి ఇంకొంచెం పెద్ద పీట వేస్తాను. చదువుకున్న కుర్రాళ్లు ఆమె వెంట నడిచి పని నేర్చుకోబట్టే ఇది నిలిచింది.

అలా ఒక స్త్రీ దగ్గర ఓనమాలు దిద్దిన సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1856లో ఇటలీలోని బొలోన్యాలో స్త్రీలే విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. రెండూ కలిసింది 1960లలో. ఈ ఆలస్యాన్ని నేను సమర్థించలేను. మా కాన్ఫరెన్సులో ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మొదట చెప్పేది జాకెట్లు కుట్టే ఆమే. కొలతలిచ్చే నెపంతో వచ్చిన ఆడవాళ్లు ఆమె దగ్గర కష్టం చెప్పుకునేవారు.

ఇంటికి వెళ్లడమే ఈ సంఘానికి ప్రాణం. గుడి ముందు వరుసలో నిలబెట్టి పంచరు, వాళ్లింటికే వెళ్తారు. వెళ్లేది ఇద్దరు. ఒక్కడే వెళ్తే అతని జాలికీ చిరాకుకీ పట్టపగ్గాలుండవు. ఇద్దరున్నప్పుడు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు చూస్తారు. బియ్యం డబ్బా ఖాళీగా ఉందా, పిల్లాడి కాలి పుండు ఎన్నాళ్లదో, మందుల చీటీ మీద తేదీ ఏమిటో. వెళ్లినవాళ్లు కూర్చోవాలి. "నిలబడి ఇస్తే బిచ్చం, కూర్చుని ఇస్తే చుట్టరికం" అనేవాడు నాన్న. కుర్చీ లేకపోతే చాప, చాప లేకపోతే గడప. మంచినీళ్లిస్తే వద్దనకూడదు. మీరే మతమని అడగకూడదు. వచ్చాక సమావేశంలో అవసరమైనంతే చెప్పాలి, ఆ పేర్లు గది దాటకూడదు. సంచిలో పడిన డబ్బు దాచి పెంచకూడదు, అది పేదవాళ్లది, వాళ్లకే చేరాలి.

ఒక ఇంటికి మూడు వారాలు బియ్యం ఇచ్చారు. నాలుగో వారం కండక్టరుగారు సమావేశంలో అన్నారు: "బియ్యం మోస్తూ ఎన్నాళ్లండీ? ఆమెకి పింఛను కాగితమే ఆగిపోయింది." ఆ వారం బడిపంతులుగారు అర్జీ రాస్తే, కండక్టరుగారు డ్యూటీ మార్పించుకుని ఆమెను మండలాఫీసుకి తీసుకెళ్లారు. మూడుసార్లు తిరిగారు. పింఛను వచ్చిన నెల ఆ పేరు జాబితాలోంచి కొట్టేస్తుంటే పంతులుగారి మొహం చూడాల్సిందే. ఓజనామ్ వెతికిందీ ఈ దారే. ప్రొఫెసరైన తర్వాత లియోన్‌లో వాణిజ్య న్యాయం బోధిస్తూ కూలీల వేతనం గురించి మాట్లాడాడు. 1848లో విప్లవం వచ్చినప్పుడు మిత్రులతో కలిసి పత్రిక పెట్టి శ్రామికుల కష్టం మీద రాశాడు. రొట్టె ఇస్తూనే, రొట్టె ఎందుకు లేకుండా పోయిందో అడిగిన మనిషి.

అయినా మొత్తం సంఘానికి ఓజనామ్ ఎన్నడూ ప్రధానాధ్యక్షుడు కాలేదు. లియోన్ శాఖను నడిపాడు, ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. పెద్ద కుర్చీలో మొదట బైయీ, తర్వాత గొస్సేన్, ఆపైన బోదన్ కూర్చున్నారు. పుట్టిన ఏడాదిన్నరకే సభ్యులు వంద దాటినప్పుడు ఓజనామ్ చేసిన ప్రతిపాదన సంఘాన్ని విడగొడదామని. స్నేహం చెదిరిపోతుందని చాలామంది ఎదురు తిరిగారు, 1834 డిసెంబరులో సమావేశాలు గొడవగా సాగాయి. చివరికి విడగొట్టారు. గుంపు చిన్నదైతేనే ప్రతి సభ్యుడికీ ప్రతి ఇల్లూ తెలుస్తుంది. సంఘం ప్రపంచమంతా పాకడానికి దారి వేసింది ఆ చీలికే. తను పెంచిన గుంపును తనే ముక్కలు చెయ్యమనడానికి ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి ఎంత గుండె ఉండాలి!

బోదన్‌కి అంతకంటే పెద్ద పరీక్ష వచ్చింది. 1861లో మూడో నెపోలియన్ ప్రభుత్వానికి ఈ సంఘం మీద అనుమానం కలిగింది. ఊరూరా సభ్యులున్నారు, ఒకరి మాట ఒకరికి అందుతోంది, మా అదుపులో లేరు. పారిస్‌లో కేంద్ర మండలి ఉండాలంటే దాని అధ్యక్షుణ్ణి చక్రవర్తే నియమిస్తాడని షరతు పెట్టారు. రాజాశ్రయం, హోదా దొరికే అవకాశం. శాఖల్లో ఎక్కువభాగం వద్దన్నాయి. కేంద్ర మండలి పోయినా పోనిమ్మన్నారు, పోయింది కూడా. వారం వారం సంచి తిరగడం, ఇద్దరిద్దరుగా వెళ్లడం ఆగలేదు. తలకాయ తీసేస్తే నడవలేని సంఘమైతే ఆ రోజే పడిపోయేది.

ఇప్పటికీ అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. విచారణ గురువులు ఆధ్యాత్మిక సలహాదారులుగా ఉంటారు, సంఘాన్ని నడిపేది గృహస్థులే. పదవికి గడువుంటుంది. గడువయ్యాక దిగిన మనిషి మరుసటి వారం మామూలు సభ్యుడిగా బియ్యం సంచి మోస్తాడు. ఇది కాగితం మీద తేలిక. ఒక ఊళ్లో నేను చూసిన అధ్యక్షుడు ఏళ్ల తరబడి దిగలేదు. క్రిస్మస్‌కి దుప్పట్లు పంచాడు, వెనక ఫ్లెక్సీ, ముందు కెమెరా, ముసలివాళ్లు వరుసలో. ఒక ముసలాయన తల తిప్పుకుంటే ఫోటో సరిగా రాలేదని మళ్లీ నిలబెట్టారు. ఆ దుప్పటి ఆయనకి చలి ఆపి ఉంటుంది, కాదనను. ఆ రోజు ఆయన దగ్గర తీసుకున్నది ఇచ్చినదానికంటే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో కూర్చునేవాళ్లు ముగ్గురు మిగిలారు.

ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ మధ్య దూరం ఎక్కువైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. ఆస్ట్రేలియా శాఖలు మన దేశంలోని శాఖలతో జత కడతాయి, అక్కడి సంచిలో పడ్డ డబ్బులో కొంత ఇక్కడికి వస్తుంది. ఆ జతలో నాకు నచ్చింది ఉత్తరాలు. ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం, క్షేమసమాచారాలు రాసుకోవడం కూడా అందులో భాగమే. ఎవరో తెలియని దాతగా మిగలకూడదని వాళ్లు పడే తపన అది.

ఓజనామ్ 1853 సెప్టెంబరు 8న మార్సెయ్‌లో నలభై ఏళ్లకే చనిపోయాడు. ఆ ఏడాది జబ్బుతో ఇటలీలో ఉంటూ కూడా అక్కడ శాఖలు నిలబెట్టడానికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1997లో పారిస్‌లోనే ఆయన్ను ధన్యుడిగా ప్రకటించారు.

నాన్న, కండక్టరుగారు ఒక జత. సెలవుల్లో వాళ్ల వెనకే నేను. గుడికి నాలుగిళ్ల అవతల మరియమ్మ పెద్దమ్మ ఇల్లు. కొడుకు పోయాడు, కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది. ప్రతిసారీ ఆ ఇల్లు దాటేసి ముందుకు పోయేవాళ్లు. "వెనక్కొచ్చేటప్పుడు వస్తాం పెద్దమ్మా" అని వాకిట్లోంచే కేకేసేవాడు నాన్న. దగ్గరున్న ఇల్లు వదిలి అంత ఎండలో చివరి వీధిదాకా నడిచి మళ్లీ వెనక్కి రావడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. చాలా ఏళ్ల తర్వాత షాతియోన్ నియమావళి చదువుతుంటే ఆ మాట కనబడింది. ఇంట్లో తోడున్న రోగులతో మొదలుపెట్టాలి, ఒంటరిగా ఉన్నవాళ్ల దగ్గర ముగించాలి, అక్కడైతే ఎక్కువసేపు కూర్చోవచ్చు.

నాన్న ఫ్రెంచి నియమావళి చదివినవాడు కాడు. తనకంటే ముందున్న సభ్యుల వెంట నడిచి నేర్చుకున్నాడు. మేం తిరిగొచ్చేసరికి మరియమ్మ పెద్దమ్మ వసారాలో రెండు పీటలు, ఒక చెక్క స్టూలు వేసి ఉండేవి. స్టూలు నాకు. చీకటి పడేదాకా అక్కడే.