గాలి కొలతతో తేలే బీమా

2004 సెప్టెంబరులో ఇవాన్ తుపాను గ్రెనడాను ఊడ్చేసింది. నష్టం ఆ చిన్న ద్వీపదేశపు ఏడాది స్థూల ఉత్పత్తికి దాదాపు రెట్టింపు. పన్ను కట్టాల్సినవాళ్లే గూడు పోగొట్టుకుంటే ఖజానాలోకి ఏమొస్తుంది? బయటి నుంచి అప్పో సాయమో అందేసరికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలం గట్టెక్కే దారి చూపమని కరీబియన్ దేశాల కూటమి కారికామ్ ప్రపంచ బ్యాంకును అడిగింది. అలా 2007లో 16 ప్రభుత్వాలతో సీసీఆర్‌ఐఎఫ్ అనే ఉమ్మడి బీమా నిధి మొదలైంది.

దీని పనితనం పాలసీలోనే కనిపిస్తుంది. తుపాను వెలిశాక కూలిన ఇళ్లను లెక్కపెట్టడానికి ఎవరూ రారు. దేశపటాన్ని ముందే చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఎంత విలువైన కట్టడాలున్నాయో నమోదు చేసి ఉంచుతారు. తుపాను నడిచిన దారి, గాలి వేగం అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ఇస్తుంది. ఆ కొలతలు గడుల మీద పరిస్తే నష్టం అంచనా వస్తుంది. అది కింది హద్దు దాటితే చెల్లింపు మొదలవుతుంది, పై హద్దు దగ్గర ఆగుతుంది. ఉదాహరణకు హద్దులు కోటి, ఐదు కోట్ల డాలర్లు అనుకుందాం. అంచనా మూడు కోట్లు వస్తే, కింది హద్దు పైన ఉన్నది రెండు కోట్లు. దేశం 20 శాతం వాటాకు పాలసీ తీసుకుని ఉంటే చేతికొచ్చేది 40 లక్షలు. హద్దులు, వాటా దేశమే ఎంచుకుంటుంది, ప్రీమియం వాటిని బట్టే.

వాదులాటకు తావు లేదు కనుకే 14 రోజుల్లో డబ్బు చేరుతుంది. భూకంపాలకూ ఇలాంటి పాలసీలే ఉన్నాయి: 2010 భూకంపం తర్వాత హైతీకి రెండు వారాల్లో సుమారు 77.5 లక్షల డాలర్లు అందాయి. జరిగిన విధ్వంసం ముందు అది చాలా చిన్న మొత్తం. కానీ ఈ బీమా ఉద్దేశం ఊళ్లు మళ్లీ కట్టడం కాదు, ప్రభుత్వం నిలబడి పనిచేయడం. కొలతను బట్టి చెల్లించే ఈ సూత్రాన్ని మనవాళ్లూ ఎరుగుదురు: 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వానకొలత ఆధారంగా పరిహారమిచ్చే బీమాను ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతోనే ప్రయోగాత్మకంగా పెట్టారు.

నిధిని నిలబెట్టిన తీరు ఇంకా ముచ్చటైనది. ఒకే తుపాను పదహారు దేశాలనూ కొట్టదు కాబట్టి ఉమ్మడిగా కొంటే ఖర్చు తగ్గుతుంది. దాతల సొమ్ము, ప్రీమియంలు కలిసి అడుగు పొర. దాని పైన పునర్బీమా, అంటే బీమా సంస్థ తనకోసం కొనుక్కునే బీమా. 2014లో ప్రపంచ బ్యాంకు ఇంకో పొర చేర్చింది: 3 కోట్ల డాలర్ల విపత్తు బాండు. పెద్ద విపత్తు వస్తే మదుపరుల అసలు నిధికి వెళ్లేది, రాకపోతే వడ్డీతో సహా వాళ్లకే తిరిగొచ్చేది. తొలి ప్రీమియంలు కట్టలేని కొన్ని ద్వీపాలకు బ్యాంకు రుణసంస్థ ఐడీఏ చేయూతనిచ్చింది.

లోపం లేకపోలేదు. కొలిచేది గాలిని, మునిగేది వానకు అయితే? మొదట్లో గాలి బలహీనంగా ఉన్న తుపాను ఎంత ముంచినా పైసా వచ్చేది కాదు. అందుకే విడిగా అతివృష్టి పాలసీ తయారుచేశారు. ఒకరి సొమ్ము మరొకరి నష్టానికి పోకుండా 2014లో సంస్థనే వేర్వేరు అరలుగా విభజించారు. 2015లో మధ్య అమెరికా ఆర్థిక మంత్రుల మండలితో ఒప్పందం కుదిరి నికరాగువా చేరినప్పుడు ఆ విభజన విలువ తెలిసింది. నికరాగువాలో భూమి కంపిస్తే చెల్లింపు మధ్య అమెరికా అరలోంచే జరుగుతుంది, బార్బడోస్ కట్టిన ప్రీమియం జోలికి ఎవరూ పోనక్కర్లేదు.