హృదయధమనుల సి.టి. చిత్రము - ఒక పరిశోధనపై విమర్శ

గుండె కండరమునకు రక్తము నందించు ధమనులను, కోత లేకుండ, సి.టి. యంత్రముతో చిత్రించుట నేడు సాధారణమైనది. దీనివలన రోగికి మేలు కలుగునా యని విచారించిన పరిశోధనలలో స్కాట్లండులోని ‘స్కాట్-హార్ట్’ ప్రసిద్ధము.

అందు ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిని రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు మామూలు పరీక్షలు. రెండవదానికి వానితోపాటు సి.టి. చిత్రము. 2018లో వెలువడిన అయిదేండ్ల ఫలితములలో, గుండెపోటు వచ్చినవారు, ధమనీవ్యాధివలన మరణించినవారు కలిసి మొదటి వర్గమున నూటికి 3.9, రెండవ వర్గమున 2.3.

ఈ అంకెలను జాగ్రత్తగా చదువవలెను. ఆపద సుమారు 41 శాతము తగ్గెననుట నిజమే, నూటికి 1.6 మందికి అది తప్పెననుటయు నిజమే. మొదటి మాట మాత్రమే ప్రచారమైనచో పాఠకుడు భ్రమపడును.

చిత్రము తనంతట చికిత్స చేయదు. ధమని గోడలోని కొవ్వుపూడికను చూచి స్టాటిన్ల వంటి మందులు ఎక్కువమందికి ఇచ్చుటవలన ఈ మేలు కలిగియుండునని పరిశోధకుల అభిప్రాయము. ఇది సమంజసముగనే యున్నది. కాని చిత్రము ఎవరికి తీసిరో రోగులకును వైద్యులకును తెలియును. పూడిక యున్నదని విన్నవాడు పొగత్రాగుట మానియుండవచ్చును. ఆ పాలెంతయో వేరుచేయుట కష్టము. 2015లో వెలువడిన అమెరికా పరిశోధన ‘ప్రామిస్’, 10,003 మందిలో ఈ చిత్రమును వ్యాయామ పరీక్షల వంటివానితో పోల్చి, సుమారు రెండేండ్లలో చెప్పుకోదగిన భేదమును కనుగొనలేదు.

రెండింటను పరీక్షింపబడినవారు వ్యాధిలక్షణములు గలవారే. ఏ బాధయు లేనివారికి ఈ ఫలితములు వర్తించుననుటకు ఇందు ఆధారము లేదు. కోత లేకపోయినను, సిరలోనికి అయోడిను గల ద్రవమెక్కును. ఎక్స్‌కిరణములు దేహమున ప్రసరించును. కనుక ‘అందరికిని మంచిది’ అను ప్రకటన కనబడినపుడు, ఎవరిని పరీక్షించి ఆ మాట చెప్పిరో విద్యార్థి అడుగవలెను.