ఎవరి చేతిలో తుపాకి? తెలుగు కౌబాయ్ చిత్రాల్లో ఆయుధాల చారిత్రకత

1. ప్రవేశిక

నటుడు కృష్ణ జయంతి సందర్భంగా 2023 మే 31న ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రం మళ్లీ థియేటర్లలో విడుదలైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు కామారెడ్డిలో డిగ్రీ తరగతికి సినిమా, సాహిత్య సంబంధాల గురించి పాఠం చెబుతున్నాను. ఎల్లారెడ్డి వైపు పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి, “సార్, ఆ తుపాకి ఆయనకు ఎక్కడిది?” అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. “మా తాత చెప్పేది, ఊరు మొత్తానికి ఒక్కటే బర్మార్ ఉండేదట, అది దొర ఇంట్లో ఉండేదట” అని అతడు ముగించాక నవ్వు ఆగింది.

చలనచిత్రాల్లోని ఆయుధాల మీద పాశ్చాత్య ప్రేక్షకులు, విమర్శకులు చాలాకాలంగా చేస్తున్న పరిశీలన ‘ఏ తుపాకి, ఏ సంవత్సరపుది’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తెలుగు చిత్రాల విషయంలో ఆ ప్రశ్న అవసరమే కాని చాలదు. ‘ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి ఎలా వచ్చింది’ అన్నదే ఇక్కడి చారిత్రకతకు గీటురాయి అని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుర్తుపట్టే పద్ధతి

ముందుగా పాశ్చాత్య పద్ధతిని చూద్దాం. హోవర్డ్ హాక్స్ తీసిన ‘రెడ్ రివర్’ (1948) కథ 1851లో మొదలవుతుంది. పాత్రల నడుములకు వేలాడేది మాత్రం 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వరు. సెర్జియో లియోనె తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) అమెరికా అంతర్యుద్ధకాలపు కథ. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని కోల్ట్ నేవీ నమూనా 1851దే అయినా, అది లోహపు తూటాలు పట్టేటట్లు మార్చినది. అటువంటి మార్పులు 1870ల నాటివి. చిత్రంలోని యుద్ధం 1865కే ముగిసింది.

ఈ కాలవైరుధ్యాలు కేవలం అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. హాలీవుడ్‌లో ఖాళీ తూటా ఒకటి వాడుకలో ఉండేది. మూడు రకాల రివాల్వర్లకు, రెండు రకాల రైఫిళ్లకు అదే సరిపోయేది కాబట్టి దానికి ‘ఫైవ్ ఇన్ వన్’ అని పేరు. చిత్రీకరణ స్థలంలో వంద తుపాకులున్నా ఒకే పెట్టెలోని తూటాలు చాలుతాయి. అందుకే ఏ కాలపు కథకైనా అవే కోల్ట్ రివాల్వర్లు, అవే వించెస్టర్ రైఫిళ్లు. ఇంకా పాత కాలపు కథ అయితే తూటా వేసి పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకికి పైన ఉత్తుత్తి చెకుముకి గుర్రం బిగించి, చెకుముకి తుపాకిగా చూపేవారు. ప్రతి షాటుకూ మందు దట్టించే ఓపిక నిర్మాతకు ఎక్కడిది?

పరిశోధకుడు చూడవలసిన ఆనవాళ్లు మూడు. మొదటిది పొగ. పొగరాని మందు 1884లో గాని రాలేదు. అంతకుముందరి కథలో తుపాకి పేలితే దట్టమైన తెల్లని పొగ కమ్మి తీరాలి. రెండవది నింపే తీరు: గొట్టం మూతి నుంచి మందు పోసి కడ్డీతో దట్టించడమా, వెనుక నుంచి తూటా పెట్టడమా అన్నది. మూడవది నడుము పట్టీ. వరుసగా గుచ్చిన ఇత్తడి తూటాలు కనిపిస్తే అది 1870 తర్వాతి లోకం.

3. ‘మోసగాళ్లకు మోసగాడు’: రెండు కాలాలు, ఒక నడుము

1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం భారతీయ కౌబాయ్ చిత్రాలకు ఆద్యంగా పేరుపడింది. రాజస్థాన్ ఎడారిలో వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం ఈనాటికీ కళ్లు చెదరగొడుతుంది. ఆంగ్లేయులకు లొంగని అమరవీడు సంస్థానం, దాని నిధి ఈ కథకు ఆధారం. ఆరుద్ర చేసిన తెలివైన పని ఇదే. టెక్సాస్‌ను తెలుగులోకి ఎత్తుకురాకుండా, మనకు పరిచితమైన సంస్థానాల గాథకు కౌబాయ్ టోపీ పెట్టాడు.

చిక్కు కూడా అక్కడే ఉంది. సంస్థానాలు ఆంగ్లేయుల మీద కత్తి దూసిన కాలం 1857తో దాదాపు ముగిసింది. తూటాల పట్టీ, దానికి తగిన రివాల్వరు 1870 తర్వాతివి. ఈ రెండూ ఒకే మనిషి మీద కలవడానికి వీలులేదు. కథను వెనక్కి జరిపితే పట్టీ పోతుంది, ముందుకు జరిపితే సంస్థానపు తిరుగుబాటు పోతుంది. దీన్ని తప్పుగా లెక్కకట్టి చిత్రాన్ని తీసిపారేయడం నా అభిమతం కాదు. లియోనె చిత్రంలోనూ ఇదే తప్పు ఉంది, అయినా అది గొప్ప చిత్రమే. పైగా మన నిర్మాతలు అనుకరించింది అమెరికా చరిత్రను కాదు, ఇటలీవారు ఊహించిన అమెరికాను. నకలుకు నకలులో అసలు తేదీలు వెతకడం కొంత అమాయకత్వమే.

కాని ఎల్లారెడ్డి విద్యార్థి అడిగింది తేదీ కాదు.

4. చట్టం చేసిన వెలితి

అమెరికా పశ్చిమప్రాంత కథల్లో మనిషి నడుమున రివాల్వరు ఉండటానికి ఎవరూ కారణం అడగరు. అది అక్కడ అంగట్లో కొనుక్కునే వస్తువు. బ్రిటిష్ ఇండియాలో పరిస్థితి తలకిందులు. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధం ధరించడాన్ని నేరం చేసింది. ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. అంటే చరిత్ర ప్రకారం సరైన రివాల్వరు నమూనా దొరికే కాలానికే, దాన్ని ధరించే హక్కు తెలుగు కథానాయకుడికి లేకుండా పోయింది. ‘కొదమసింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) వంటి తర్వాతి చిత్రాల్లోనూ ఈ వెలితిని పూరించే ప్రయత్నం లేదు. తుపాకి అక్కడ టోపీ, బూట్లలాగా వేషంలో భాగం. నమూనా తప్పిన తుపాకి వివరంలో పొరపాటు. సంజాయిషీ లేని తుపాకి మాత్రం వలసపాలన స్వరూపాన్నే కప్పిపెడుతుంది. నా దృష్టిలో రెండవదే పెద్ద దోషం.

నిజాం రాజ్యానికి ఆ చట్టం నేరుగా వర్తించకపోయినా, ఇక్కడా తుపాకి పెత్తనపు చిహ్నమే. ఎల్లారెడ్డికి చేరువలోని పోచారం అడవి నిజాం వేటకు ప్రత్యేకించినది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు మొదట కర్రలు, వడిసెలలతో నిలబడి, తర్వాత దేశ్‌ముఖుల తుపాకులను స్వాధీనం చేసుకోవలసి రావడానికి కారణం ఇదే.

5. సంపాదించిన తుపాకి

మూడేళ్ల తర్వాత అదే పద్మాలయా సంస్థ, అదే కథానాయకుడితో ‘అల్లూరి సీతారామరాజు’ (1974) నిర్మించింది. ఇక్కడ తుపాకికి పుట్టుక ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద జరిగిన దాడుల్లో విప్లవకారులకు 26 తుపాకులు చిక్కాయి. తీసుకున్నవాటి వివరాలు ఠాణా పుస్తకంలో రాసి రామరాజు సంతకం చేశాడన్నది మన్యం చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. మన్యంలో తుపాకి ఎంత అరుదైనదో ఆ సంతకమే చెబుతుంది. అరుదైనదానికే పద్దు రాస్తారు.

ఈ కొలతతో చూస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది. కల్పితగాథ అని ముందే ప్రకటించుకున్న ‘ఆర్ఆర్ఆర్’ (2022) చరిత్ర ఘటనలతో ఎన్ని స్వేచ్ఛలు తీసుకున్నా, తుపాకి విషయంలో మాత్రం చరిత్ర నాడిని పట్టుకుంది. అందులో రామరాజు పోలీసు ఉద్యోగంలో చేరేదే ఊరికి ఆయుధాలు చేర్చడం కోసం. తొలి ఘట్టంలో దొర తన సైనికుణ్ణి ఆపి, తూటా ఖరీదెంతో గుర్తుచేస్తాడు. కౌబాయ్ చిత్రాల్లో లెక్కలేకుండా పేలే తూటాకు ఇక్కడ ధర ఉంది, యజమాని ఉన్నాడు. నమూనాలు, తేదీలు మాత్రమే చూసే విమర్శ ఈ తేడాను ఎన్నటికీ పట్టుకోలేదు.

ఆ విద్యార్థికి నేనొక పని అప్పగించాను. ఊళ్లో పెద్దవాళ్లనడిగి తుపాకికి సంబంధించిన మాటలు రాసుకు రమ్మన్నాను. వారం తర్వాత నోటుపుస్తకంలో ఒక పుట తెచ్చాడు. బర్మార్: నింపి కొట్టేది, ఉర్దూ నుంచి వచ్చిన మాట. దట్టించే కడ్డీకి గజం. చిన్న గుండ్లకు ఛర్రాలు. రెండు గొట్టాలదానికి దునాలి. పుట అడుగున పెన్సిలుతో ఒక వాక్యం ఉంది: “రివాల్వర్‌కు మా ఊళ్లో వేరే మాట లేదు సార్. సినిమా వచ్చినంకనే ఆ పేరు విన్నమన్నరు.”